పండునే ఐసు చేయండి: ఇంట్లో ఫ్రోజెన్ పండ్ల కాక్‌టెయిళ్లు

నా మొదటి ప్రయత్నంలో మిక్సీ పోయింది. మే నెల, ఆదివారం మధ్యాహ్నం, ఇంటికి నలుగురు స్నేహితులు వచ్చారు. బంగినపల్లి ముక్కలు, నిమ్మరసం, రమ్ము జార్‌లో వేసి, పైన ఒక ట్రే ఐసు మొత్తం కుమ్మరించి స్విచ్ తిప్పాను. రెండు సెకన్లు గరగరమంది, మూడో సెకనుకి కాలిన రబ్బరు వాసన. కింద తిరిగే కప్లర్ అరిగిపోయింది. ఉన్నదాన్నే గ్లాసుల్లో పోస్తే పైన పలచటి పసుపు నీళ్లు, అడుగున ఐసు రాళ్లు. చిన్నప్పుడు బడి దగ్గర ఐస్ గోలా రంగంతా పీల్చేశాక పుల్లకి తెల్లటి ఐసు మిగిలేది కదా, అచ్చం ఆ రుచి.

ఆ తర్వాత చాలా పండ్లు, చాలా నిమ్మకాయలు ఖర్చయ్యాక తెలిసిందేమిటంటే, తప్పు మిక్సీది కాదు, ఐసుది. పండ్ల కాక్‌టెయిల్‌ని చల్లగా, చిక్కగా చేయాల్సింది పండే. ముందురోజు పండు ముక్కల్ని గడ్డకట్టించి పెట్టుకుంటే బయటి ఐసుతో దాదాపు పని ఉండదు. అది కరిగి రుచిని నీరుగార్చే బాధా తప్పుతుంది. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఇది మందు గురించిన వ్యాసం కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 21 ఏళ్లు నిండినవాళ్లకే ఇది. అమెరికాలో ఉన్నవాళ్లకీ అంతే. మందు లేకుండా చేసుకునే పద్ధతి కూడా చివర్లో ఉంది, దాని కిటుకు కాస్త వేరు.

ఈ గ్లాసు ఎక్కడిది

మూలం క్యూబాలో ఉంది. శాంటియాగో దగ్గర డైకిరీ అనే ఊరు, దాని పక్కన ఇనుప గనులు. 1898 ప్రాంతంలో అక్కడ పనిచేసిన జెన్నింగ్స్ కాక్స్ అనే అమెరికన్ ఇంజనీరు రమ్ము, నిమ్మరసం, పంచదార కలిపి ఆ ఊరి పేరే పెట్టాడని చెప్పుకుంటారు. ఆ మూడింటినీ నలగ్గొట్టిన ఐసుతో కలిపి మంచుముద్దలా అందించి పేరు తెచ్చింది హవానాలోని ఎల్ ఫ్లోరిడిటా బార్, దాన్ని నడిపిన కాన్‌స్టాంటినో రిబలైగువా. రచయిత హెమింగ్వే అక్కడికి తరచూ వచ్చేవాడు. ఇప్పుడు ఆ బార్ మూల ఆయన కంచు విగ్రహం ఆనుకుని నిలబడి ఉంటుంది.

అనాస, కొబ్బరి, రమ్ము కలిపే పినా కొలాడాది ప్యూర్టోరికో. శాన్ హువాన్‌లోని కరీబ్ హిల్టన్ హోటల్ అది 1954లో తమ దగ్గరే పుట్టిందంటుంది. వేరే బార్లూ పోటీకి వస్తాయి, ఆ తగాదా మనకెందుకు. 1978లో ప్యూర్టోరికో దాన్ని తమ అధికార పానీయంగా ప్రకటించుకుంది.

నాకు బాగా నచ్చే కథ డాలస్‌ది. మా తమ్ముడు ఉండేది ఆ చుట్టుపక్కలే. అక్కడ మరియానో మార్టినెజ్ అనే ఆయన 1971లో రెస్టారెంట్ తెరిచాడు. టెకీలా అనే మెక్సికో మందు, నిమ్మరసం కలిపి చేసే ఫ్రోజెన్ మార్గరీటాకి జనం ఎగబడ్డారు. కానీ బ్లెండర్‌లో ఒక్కొక్కటీ చేసేసరికి ఒక గ్లాసుకీ ఇంకో గ్లాసుకీ రుచి కుదిరేది కాదు. ఒక దుకాణంలో ఐసు శర్బత్ పోసే మెషీన్ చూసి ఆయనకి ఆలోచన తట్టింది. సాఫ్ట్ ఐస్‌క్రీమ్ మెషీన్‌ని మార్చి అందులో మార్గరీటా తిప్పాడు. ఆ మెషీన్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మన వంటింటికి అది నేర్పేది ఇదే: చేయి తిరిగినతనం కంటే కొలత ముఖ్యం.

గడ్డ ఎందుకు కడుతుంది, ఎందుకు కట్టదు

ఇది దాటేసి కొలతలకి వెళ్లాలనిపిస్తుంది. వెళ్లకండి. ఇది అర్థమైతే ఏ పండు దొరికినా మీరే కొలత కట్టుకోగలరు.

నీళ్లు 0 డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. మన ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. ఆల్కహాల్ గడ్డకట్టాలంటే మైనస్ 114 కావాలి. అందుకే వోడ్కా సీసాని ఫ్రీజర్‌లో నెలలు పెట్టినా గడ్డకట్టదు, కాస్త చిక్కబడుతుందంతే. పంచదార కూడా తన వంతుగా కొంత నీటిని గడ్డకట్టనివ్వదు. ఈ రెండూ తగుపాళ్లలో ఉంటే మిశ్రమంలో కొంత నీరు సన్నటి మంచు రవ్వలా మారి, మిగతాది చిక్కటి రసంగా ఆ రవ్వని పట్టుకుని ఉంటుంది. మనకి కావలసింది ఆ స్థితే.

మందు ఎక్కువైతే రవ్వ కట్టదు, సూప్ అవుతుంది. పంచదార తక్కువైతే రవ్వ ముతకబారి, రసం ఒకవైపు ఐసు ఒకవైపు విడిపోతాయి. నేను పట్టుకున్న లెక్క: మొత్తం మిశ్రమంలో ఆల్కహాల్ నూటికి 8 పాళ్ల దగ్గర, పంచదార (పండులోదీ కలిపి) నూటికి 13 నుంచి 15 పాళ్ల మధ్య ఉండాలి.

ఇంకో సంగతి. చల్లదనం తీపిని మందగింపజేస్తుంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ తాగి చూడండి, మొహం మొత్తుతుంది. అదే ఐస్‌క్రీమ్ గట్టిగా ఉన్నప్పుడు సరిగ్గానే ఉంది కదా. అందుకని గడ్డకట్టని మిశ్రమం రుచి చూసినప్పుడు ‘కొంచెం తీపెక్కువైంది’ అనిపించాలి. అప్పుడే గ్లాసులో సరిపోతుంది.

ఏమేం కావాలి

మిక్సీ ఉంటే చాలు. 750 వాట్లది అయితే నిశ్చింత. 500 వాట్లదైతే సగం సగం చేసి తిప్పండి. పచ్చళ్లు రుబ్బే జార్ వద్దు. ఎంత కడిగినా మూత రబ్బరులో వెల్లుల్లి దాక్కుని ఉంటుంది, మీ మామిడిలో అది తేలుతుంది. జ్యూస్‌కి విడిగా ఒక జార్ ఉంటే అదే వాడండి. లేదంటే మూత రబ్బరు తీసి, నిమ్మచెక్కతో రుద్ది, ఎండలో పెట్టండి.

పెగ్ కొలత ఒకటి: 30 మి.లీ. ఒకవైపు, 60 మి.లీ. ఇంకోవైపు ఉండేది. అది లేకపోతే దగ్గు మందు సీసా మీద వచ్చే చిన్న గీతల కప్పు తీసి పెట్టుకోండి, అంతకంటే నమ్మకమైన కొలత ఇంట్లో ఇంకోటి ఉండదు. చిన్న వంటింటి త్రాసు, జిప్ కవర్లు, ఒక జల్లెడ. గ్లాసుల్ని అరగంట ముందు ఫ్రీజర్‌లో పెట్టాలి. పలచటి గాజైతే ఫ్రిజ్‌లో చాలు. స్టీలు గ్లాసులైతే ఇంకా మంచిది, చల్లదనం నిలుస్తుంది. ఫొటోకి బాగోదంటారా, అది మీ ఇష్టం.

మొదటి అడుగు: పండు

ముందురోజే మొదలుపెట్టాలి. అప్పటికప్పుడు చేద్దామనుకుంటే మళ్లీ ఐసు దగ్గరికే వస్తారు.

మామిడితో మొదలుపెట్టండి. తప్పు జరిగినా తినేయవచ్చు. బంగినపల్లి పీచు లేని కాయ, కండ ఎక్కువ, ముక్కలు చక్కగా తెగుతాయి. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీని కోసం కాయ బాగా మగ్గి ఉండాలి. ఇవాళ తినడానికి సరిగ్గా ఉన్న పండుని ఇంకో రోజు ఆగి వాడండి. పైన కాస్త మచ్చలు పడ్డా పర్లేదు, వాసన తలుపు దగ్గరికే తెలియాలి. పుల్లగా ఉన్న కాయకి ఎంత పంచదార పోసినా ఆ సువాసన రాదు.

చిన్నరసాలు, పెద్దరసాల రుచి బంగినపల్లికి రాదని వాదించేవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ పీచు ఉంటుంది. మిక్సీ బ్లేడుకి చుట్టుకుంటుంది, గ్లాసులో పంటికి తగులుతుంది. రసం పిండి జల్లెడ పట్టి, ఐసు ట్రేలలో పోసి గడ్డకట్టించుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. కష్టమే, ఫలితం మాత్రం దక్కుతుంది. కలెక్టర్ కాయ (రాయలసీమలో బెంగుళూరు అంటారు) విడిగా తింటే చప్పగా ఉంటుందిగానీ, చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకి ఎక్కువగా వెళ్లేది అదే.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇండియన్ స్టోర్లలో దొరికే డబ్బా గుజ్జు సరిపోతుంది. చాలా డబ్బాల్లో పంచదార ముందే కలిపి ఉంటుంది, చీటీ చదవండి. కలిపి ఉంటే సిరప్ మానేసి, రుచి చూశాక అవసరమైతేనే వేయండి. గుజ్జుని ట్రేలలో గడ్డకట్టించాలి. డబ్బాలోంచి నేరుగా పోస్తే మళ్లీ ఐసు అడుగుతుంది.

ముక్కలు అంగుళం కంటే పెద్దవి వద్దు. స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. పైపైన గట్టిపడ్డాక కవర్లోకి మార్చి, గాలి తీసేసి, రాత్రంతా వదిలేయండి. ఈ పరచడం అనే పని బద్ధకించి మానేసి, ముక్కలన్నీ ఒకే కవర్లో వేశారనుకోండి, పొద్దున్నకి ఇటుక తయారవుతుంది. దాన్ని పగలగొట్టడానికి అప్పడాల కర్ర వెతుక్కోవాలి.

మిగతా పండ్ల సంగతి కాస్త వేగంగా చెబుతాను. పుచ్చకాయ తొంభై పాళ్లకి పైగా నీరే, తీపి తక్కువ. గింజలు తీసి గడ్డకట్టించి, సిరప్ రెట్టింపు వేయాలి. ద్రాక్షలో గింజల్లేని రకం తీసుకుని, కడిగి తుడిచి, అలాగే ఫ్రీజర్‌లో వేయడమే. జామని కొద్దిపాటి నీళ్లతో మిక్సీలో తిప్పి జల్లెడ పట్టి గుజ్జుని గడ్డకట్టించాలి. గింజతో తిప్పితే ఇసుక తాగినట్టుంటుంది. నేరేడు గింజ తీయడానికి ఓపిక కావాలి, రంగు మాత్రం చూసి తీరాలి. సీతాఫలం నేను వాడను. గింజ బ్లేడుకి తగిలి నలిగితే మంచిది కాదు, అన్ని గింజలు ఏరేలోపు పండు నల్లబడుతుంది.

అనాస గురించి ఒక జాగ్రత్త. తాజా అనాసలో మాంసకృత్తుల్ని విరిచే ఎంజైమ్ ఉంటుంది. పాలు, మీగడ, ఐస్‌క్రీమ్ దానితో కలిపి కాసేపు ఉంచితే చేదు వస్తుంది. ఫ్రీజర్ ఆ ఎంజైమ్‌ని చంపదు, వేడి చంపుతుంది. అందుకే డబ్బా అనాసతో ఈ గొడవ లేదు. తాజా అనాసతో పాల పదార్థాలు కలిపితే వెంటనే తాగేయాలి. కొబ్బరి పాలతో అంత ఇబ్బంది ఉండదు.

రెండో అడుగు: సిరప్

200 గ్రాముల పంచదార, 200 గ్రాముల నీళ్లు. పొయ్యి మీద పెట్టి పంచదార కరగ్గానే దించేయండి. తీగపాకం రానివ్వకండి, ఇది బూరెలకి కాదు. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు హాయిగా నిలుస్తుంది. దీన్ని ముందే చేసుకోవడం ఎందుకంటే, పొడి పంచదార చల్లటి పండులో కరగదు. గ్లాసు అడుగున కరకరలాడుతుంది.

నేరేడుకీ అనాసకీ బెల్లం సిరప్ చేసి చూడండి. అదే కొలత, కరిగాక వడకట్టాలి. చెరకు నుంచే వచ్చిన రమ్ముతో బెల్లం కలిసిపోవడంలో వింతేముంది. మామిడికి మాత్రం తెల్ల పంచదారే, బెల్లం దాని వాసనని మింగేస్తుంది.

మూడో అడుగు: నిమ్మ, ఉప్పు

ఇక్కడ మనకి అదృష్టం కలిసొచ్చింది. డైకిరీకీ మార్గరీటాకీ కావలసింది పసుపుపచ్చని పెద్ద లెమన్ కాదు. పలచటి తొక్కున్న, ఘాటు వాసనున్న చిన్న నిమ్మ. గూడూరు నుంచి మన మార్కెట్లకి వచ్చే నిమ్మ ఆ జాతిదే. అమెరికాలో ఉన్నవాళ్లు ఆకుపచ్చగా ఉండే లైమ్ తీసుకోండి. మన నిమ్మ దానికంటే కాస్త ఘాటెక్కువ కాబట్టి అక్కడి కొలతలు చూసి ఇక్కడ చేసేవాళ్లు రసం ఒక చెంచా తగ్గించి మొదలుపెట్టడం మేలు.

మధ్యరకం కాయ నుంచి 15-20 మి.లీ. రసం వస్తుంది. కాయని గట్టునేసి అరచేత్తో దొర్లించి పిండండి. ఆఖరి చుక్క కోసం తొక్కని నలిపేయకండి, చేదు దిగుతుంది. సీసాలో అమ్మే నిమ్మరసం వాడాలనిపిస్తే ఆ పూట మజ్జిగ తాగండి.

చిటికెడు ఉప్పు మర్చిపోవద్దు. ఉప్పదనం తెలియకూడదు, పండు మాత్రం ఇంకాస్త పండినట్టు అనిపించాలి. పుచ్చకాయ ముక్క మీద ఉప్పు చల్లుకుని తినేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

నాలుగో అడుగు: మందు

తెల్ల రమ్ము అన్నిటికీ సర్దుకుపోతుంది. వోడ్కాకి తనదంటూ రుచి తక్కువ, పండు మాత్రమే తెలియాలంటే అది. టెకీలా పుచ్చకాయకీ జామకీ బ్రహ్మాండంగా నప్పుతుందిగానీ మన దగ్గర ధర చూస్తే చెయ్యి వెనక్కి వస్తుంది. ఖరీదైన సీసా దీనికోసం తెరవొద్దు. ఇంత చల్లదనంలో, ఇంత తీపిలో దాని గొప్పతనం ఎవరికీ తెలియదు. నల్ల రమ్ము అనాసకి బాగుంటుంది, మామిడికి రంగు చెడగొడుతుంది.

సీసాని ముందురోజే ఫ్రీజర్‌లో పెట్టండి. గది వేడిలో ఉన్న 90 మి.లీ. మందు పడితే గడ్డకట్టిన పండు అక్కడికక్కడే కరగడం మొదలవుతుంది. రంగు సిరప్‌ల మీద అంత శ్రద్ధ పెట్టేవాళ్లు ఈ చిన్న పని మర్చిపోతుంటారు.

మన దేశంలో తయారయ్యే సీసాల మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. బయటి దేశాల సీసాల మీద ఎక్కువగా 40. తేడా చిన్నదే, కొలత మార్చక్కర్లేదు.

అయిదో అడుగు: తిప్పడం

మామిడి డైకిరీ ఇద్దరికి. గడ్డకట్టిన మామిడి ముక్కలు 300 గ్రాములు, తెల్ల రమ్ము 90 మి.లీ., నిమ్మరసం 45 మి.లీ., సిరప్ 30 మి.లీ., చిటికెడు ఉప్పు.

లెక్క సరిచూద్దాం. 90 మి.లీ. రమ్ములో ఆల్కహాల్ 38 మి.లీ. చిల్లర. మొత్తం మిశ్రమం 465 దాకా ఉంటుంది, అంటే 8 శాతం పైచిలుకు. మామిడి ముక్కల్లో 40 గ్రాముల పైన పంచదార, సిరప్‌లో 18 గ్రాములు, వెరసి 60. అంటే 13 శాతం. రెండూ మనం అనుకున్న గీతల మధ్యే ఉన్నాయి. ఏ పండుతోనైనా ఇలాగే కట్టి చూసుకోవచ్చు.

ముందు ద్రవాలన్నీ జార్‌లో పోయండి. తర్వాత పండులో సగమే. ఈ వరస తిరగబడితే గట్టి ముక్కలు బ్లేడుకి అడ్డం పడి అది ఉత్తినే గిర్రున తిరుగుతుంది, లేదా తిరగడమే మానేస్తుంది. నాబ్‌ని పల్స్ వైపు తిప్పుతూ వదులుతూ అయిదారుసార్లు చేయండి. ముక్కలు నలిగాక మిగతా సగం వేసి, మళ్లీ పల్స్, ఆ తర్వాత రెండో స్పీడులో 20 సెకన్లు. మధ్యలో ఒకసారి ఆపి గరిటెతో అంచుల్ని కిందికి తోయండి. మొత్తం తిప్పడం ముప్పావు నిమిషం దాటొద్దు. మిక్సీ వేడెక్కుతుంది, ఆ వేడి జార్‌లోకి ఎక్కుతుంది, చేసిందంతా కరుగుతుంది. జార్‌ని సగానికి పైన నింపకండి. నింపితే ఏమవుతుందో మా వంటింటి సీలింగ్‌ని అడగండి.

చెంచాతో తీసి పళ్లెంలో వేస్తే గుట్టలా నిలబడి, నెమ్మదిగా అంచులు జారాలి. ఇడ్లీపిండి కంటే చిక్కగా, ఐస్‌క్రీమ్ కంటే పలచగా.

జారిపోతుంటే నాలుగైదు పండు ముక్కలు వేసి మళ్లీ తిప్పండి. అవి అయిపోతే జార్‌ని అలాగే 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి ఒకసారి కలపండి. మరీ గట్టిగా ఉండి తిరగకపోతే నీళ్లు పోయకుండా ఒక్కో చెంచా చల్లటి సిరప్ గానీ పండు రసం గానీ పోయండి. ముతక రవ్వ తగులుతుంటే తీపి తక్కువైందని అర్థం. పులుపెక్కువైందని పంచదార పొడి చల్లకండి, సిరప్ వేయండి. చప్పగా ఉంటే నూటికి తొంభైసార్లు కావలసింది ఇంకాస్త నిమ్మ, ఇంకాస్త ఉప్పు. మందు ఇంకాస్త పోద్దామని చెయ్యి సాగుతుంది చూడండి, అదే గ్లాసుని సూప్ చేసేది.

ఐసు అసలు వాడకూడదా అంటే, వాడొచ్చు. పండు తక్కువ పడితే నాలుగైదు చిన్న ముక్కలు, గుడ్డలో చుట్టి రోకలితో నలగ్గొట్టి వేయండి. రాళ్లలాంటి ఐసు నేరుగా వేస్తే ఏమవుతుందో పైనే చెప్పాను.

అనాస, కొబ్బరి

పినా కొలాడాకి అక్కడివాళ్లు డబ్బాలో వచ్చే తీపి కొబ్బరి మీగడ వాడతారు. మనకి ఆ డబ్బా అక్కర్లేదు. ఒక కొబ్బరికాయ తురిమి, కొద్ది గోరువెచ్చటి నీళ్లతో రుబ్బి, చిక్కటి మొదటి పాలు 200 మి.లీ. తీయండి. 120 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు వేసి సన్నటి మంట మీద కరిగేదాకా కలపండి. మరగనివ్వకండి, విరిగినట్టవుతుంది. చల్లారాక ఫ్రిజ్‌లో పెడితే పైన మీగడ తేలుతుంది, వాడేముందు బాగా కలుపుకోవాలి. రెండు రోజుల్లో వాడేయండి.

ఇద్దరికి గడ్డకట్టిన అనాస 250 గ్రాములు, ఈ కొబ్బరి పాలు 90 మి.లీ., రమ్ము 90 మి.లీ., నిమ్మరసం 15 మి.లీ. నిమ్మ అసలు రెసిపీలో ఉండదనేవాళ్లుంటారు. లేకపోతే పాయసం తాగినట్టుందని మా ఇంట్లో తీర్మానం. అనాస నడుమ ఉండే గట్టి ఈనె తీసేయండి, అది మిక్సీకి నలగదు.

పుచ్చకాయ, కారం

గడ్డకట్టిన పుచ్చకాయ 350 గ్రాములు, టెకీలా లేదా వోడ్కా 90 మి.లీ., నిమ్మరసం 45 మి.లీ., సిరప్ 60 మి.లీ., నాలుగు పుదీనా ఆకులు. పుదీనాని చివరి పల్స్‌లో వేయండి, ముందే వేస్తే పచ్చడి రంగు వస్తుంది. తీపి తక్కువ పండు కాబట్టి రవ్వ కాస్త ముతకగానే ఉంటుంది, త్వరగా విడిపోతుంది. చేసిన పది నిమిషాల్లో తాగేయాలి.

గ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి, పళ్లెంలో పరిచిన ఉప్పూకారంలో బోర్లించి తిప్పండి. మెక్సికోలో పండ్ల మీద కారం, ఉప్పు, నిమ్మ చల్లుకోవడం మామూలే. జామకాయ బండి దగ్గర పెరిగిన మనకి అది కొత్తేమీ కాదు. అంచు మొత్తానికి అద్దకుండా సగానికే అద్దండి, వద్దనుకున్నవాళ్లు ఇటువైపు తాగుతారు. జామ గుజ్జుతో చేసేదానికీ ఇదే అంచు. కొలతలు మామిడివే, సిరప్ 45 మి.లీ.

పదిమంది వచ్చినప్పుడు

మిక్సీ దగ్గర నిలబడి పదిమందికి తిప్పుతూ కూర్చుంటే మొదటివాడి గ్లాసు అయిపోయేసరికి ఆఖరివాడికి రాదు. దానికి కవర్ పద్ధతి ఉంది. ఇందులో పండుని ముందు గడ్డకట్టించక్కర్లేదు.

మామిడి గుజ్జు 1.5 కిలోలు, రమ్ము 450 మి.లీ., నిమ్మరసం 225 మి.లీ., సిరప్ 150 మి.లీ., అర చెంచా ఉప్పు. అన్నీ కలిపి, నాలుగైదు జిప్ కవర్లలో మూడొంతులే నింపి, గాలి తీసి, పళ్లెంలో చదునుగా పడుకోబెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. మూడు గంటలకోసారి బయటికి తీసి కవర్ మీదనుంచే పిసకండి, రవ్వ సన్నగా వస్తుంది. కనీసం ఎనిమిది గంటలు పడుతుంది. ఆల్కహాల్, పంచదార ఉన్నాయి కాబట్టి రాయి కాదు, ముద్దలా ఉంటుంది. వడ్డించే పది నిమిషాల ముందు తీసి, పిసికి, మూల కత్తిరించి గ్లాసుల్లోకి పిండడమే. కరెంటు పోయినా టెన్షన్ లేదు. రెండు మూడు రోజుల్లో వాడేయండి, ఆ తర్వాత నిమ్మ వాసన వాడిపోతుంది.

మందు లేకుండా

పిల్లలకీ, తాగనివాళ్లకీ చేసేటప్పుడు రమ్ము తీసేసి మిగతాదంతా అలాగే ఉంచితే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. గడ్డకట్టకుండా ఆపేవాటిలో ఒకటి తగ్గింది కాబట్టి ఇది త్వరగా గట్టిపడుతుంది, ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచితే రాయే. అందుకని రమ్ము బదులు అంతే చల్లటి పండు రసం లేదా కొబ్బరి నీళ్లు పోసి, సిరప్ ఒక చెంచా పెంచి, తిప్పిన వెంటనే వడ్డించాలి. మందు ఇచ్చే ఆ చిన్న ఘాటు కోసం చెంచాడు అల్లం రసం వేయండి. మామిడిలో అల్లం, అనాసలో మిరియాల పొడి, నేరేడులో నల్ల ఉప్పు. ద్రాక్షకి నానబెట్టిన సబ్జా గింజలు పైన వేస్తే పిల్లలు గ్లాసు వదలరు.

ఇంట్లో రెండు రకాలూ చేస్తున్నప్పుడు మందు లేనిదే ముందు తిప్పి పోసేయండి, తర్వాత అదే జార్‌లో రెండోది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గ్లాసులు వేరే రంగువి పెట్టండి, నమ్మకం మీద వదలొద్దు.

తాగేముందు

ఇవి మోసకారి గ్లాసులు. పైన చెప్పిన కొలతలో ఒక్కో గ్లాసుకి 45 మి.లీ. మందు పడుతుంది, అంటే ఒకటిన్నర చిన్న పెగ్గు. చల్లదనం ఘాటుని దాచేస్తుంది, పండు రసంలా గొంతు దిగుతుంది, మూడో గ్లాసు దగ్గర గానీ మొదటిది ఎక్కదు. గ్లాసుకి 30 గ్రాముల దాకా పంచదార కూడా ఉంది, అంటే ఏడు చెంచాలు. షుగర్ ఉన్నవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడిగాకే. బండి మీద వచ్చినవాళ్లకి క్యాబ్ బుక్ చేసి పంపండి.

గబుక్కున తాగితే నుదుటి మీద సూదితో గుచ్చినట్టు నొప్పి వస్తుంది. భయపడక్కర్లేదు, అంగిలి ఒక్కసారిగా చల్లబడటం వల్ల వచ్చేదే అది. నాలుకని అంగిలికి అదిమి పెడితే అర నిమిషంలో పోతుంది.

మిగిలినదాన్ని పారేయకండి. కుల్ఫీ అచ్చుల్లో పోసి పుల్ల గుచ్చి ఫ్రీజర్‌లో పెడితే మర్నాటికి మెత్తటి పుల్ల ఐసు. కాకపోతే అచ్చు మీద పెద్ద అక్షరాలతో రాసి, పిల్లల చేతికందని అరలో పెట్టాలి. ఒకసారి నేను రాయడం మర్చిపోయాను. మర్నాడు మధ్యాహ్నం మా పెద్దమ్మ ఒకటి తినేసి, “ఇదేదో మందు వేసిన మామిడికాయలా ఉందిరా, కొంచెం ఘాటు తగిలింది” అని, ఇంకోటి ఉందా అని అడిగింది. అప్పటినుంచి స్కెచ్ పెన్ను ఫ్రిజ్ మీదే ఉంటోంది.